కంపెనీ ఇల్లు, వెనక సందు: టెల్కో కాలనీలో ఒక నడక



ఇవాళ నన్ను మాట్లాడమన్న అంశం పాత ఇళ్ళు, నగర చరిత్ర. నేను ఆర్కిటెక్ట్‌ని కాదు. పారిశ్రామిక టౌన్‌షిప్‌లలో దళిత కార్మిక కుటుంబాలు ఎలాంటి ఇళ్ళలో బతికాయన్న దాని మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. నా ఫీల్డ్‌వర్క్ జంషెడ్‌పూర్‌లో, ముఖ్యంగా టెల్కో కాలనీలో. పోయిన చలికాలం కొంతమంది విద్యార్థులతో, కొందరు రిటైరైన కార్మికులతో కలిసి అక్కడ ఒక ఉదయమంతా ఇళ్ళు చూస్తూ నడిచాం. దారి నేను గీశాను, మాటలు ఎక్కువగా వాళ్ళవి. ఆ నడకలోంచి పుట్టిన కొన్ని ఆలోచనలు మీ ముందు పెడతాను. చివర్లో మీకొక పని కూడా అప్పజెప్తాను.

ఈమధ్య ప్రతి నగరంలోనూ హెరిటేజ్ వాక్‌లు జరుగుతున్నాయి. మన హైదరాబాద్‌లోనే చార్మినార్ దగ్గర మొదలుపెట్టి పాతబస్తీ దేవిడీలు చూపిస్తారు. గైడ్ ముందు నడుస్తాడు. ఇది ఫలానా నవాబు కట్టించింది, ఈ కమాను ఫలానా శైలి, ఈ గచ్చు డంగుసున్నంతో చేసింది అని చెప్తాడు. ఇవన్నీ తెలుసుకోవాల్సినవే, కాదనను. కానీ ఆ మాటల్లో ఇంటికి ఒకే ఒక్క మనిషి ఉంటాడు, యజమాని. సున్నం నూరినవాళ్ళు, నీళ్ళు మోసినవాళ్ళు, పాకీదొడ్డి ఎత్తినవాళ్ళు ఆ ఇంటి చరిత్రలో ఉండరు. భాగ్యరెడ్డి వర్మ ఆది హిందూ భవన్ ఉన్న చాదర్‌ఘాట్ పాతబస్తీకి ఎంతో దూరం కాదు. చార్మినార్ దాకా వెళ్ళినవాళ్ళలో ఎంతమంది అక్కడ ఆగి ఉంటారో మీరే లెక్కవేయండి.

టెల్కో కాలనీలో దేవిడీలు లేవు. అక్కడున్నవి కంపెనీ క్వార్టర్లు, ఆఫీసర్ల బంగళాలు, వరసలు వరసలుగా ఫ్లాట్లు. వీటిని చారిత్రక ఇళ్ళు అనొచ్చా అని నాతో నడిచిన విద్యార్థి ఒకరు అడిగారు. అనాలనే నా వాదన. మన దేశంలో లక్షలాది కుటుంబాలు ఊరి కులవాడ నుంచి నేరుగా నడిచి వచ్చింది ఇలాంటి ఇళ్ళలోకే. ఆ రాకను చరిత్ర అనకపోతే ఇంక దేన్ని అంటాం?

ముందు నగరం సంగతి కొంచెం. టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ 1907లో మొదలైంది. సాక్చీ అనే పల్లె దగ్గర కర్మాగారం కట్టారు. 1912లో ఉక్కు బయటికొచ్చింది. 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ వచ్చి ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు, కాలీమాటీ స్టేషన్ టాటానగర్ అయింది. విశాలమైన వీధులు, నీడనిచ్చే చెట్లు, గుడికీ మసీదుకీ చర్చికీ చోటు ఉండాలని జంషెట్జీ టాటా తన కొడుక్కి రాసిన ఉత్తరాన్ని ఆ ఊళ్ళో ప్రతి ఒక్కరూ చెప్తారు. ప్లాను మీద ప్లాను వచ్చింది. మొదట అమెరికా ఇంజనీర్లు, 1920 ప్రాంతంలో టెంపుల్, 1930లలో స్టోక్స్, 1940ల మధ్యలో ఒట్టో కోనిగ్స్‌బర్గర్.

ఈ కోనిగ్స్‌బర్గర్ గురించి ఒక్క నిమిషం. బెర్లిన్‌లో పుట్టిన యూదు ఆర్కిటెక్ట్. 1933లో నాజీలు అధికారంలోకి రాగానే ఉద్యోగమూ దేశమూ వదలాల్సి వచ్చింది. ఈజిప్టు మీదుగా వచ్చి 1939లో మైసూరు సంస్థానంలో ముఖ్య ఆర్కిటెక్ట్ అయ్యాడు. టాటాల కోసం జంషెడ్‌పూర్ అభివృద్ధి ప్లాను తయారుచేశాడు. తర్వాత భువనేశ్వర్ ప్లాను గీసిందీ ఆయనే, స్వతంత్ర భారత ప్రభుత్వానికి హౌసింగ్ డైరెక్టర్‌గా పనిచేసిందీ ఆయనే. పుట్టుక కారణంగా సొంత ఊళ్ళో చోటు పోగొట్టుకున్న మనిషి మన దేశంలో ఊళ్ళకు ప్లాన్లు గీశాడు. ఆయన తెచ్చిన ఆలోచనను నైబర్‌హుడ్ యూనిట్ అంటారు. ఒక బడి, ఒక బజారు, ఒక మైదానం చుట్టూ ఇళ్ళు ఉంటాయి. పెద్ద రోడ్డు బయట నుంచి పోతుంది, పిల్లలు రోడ్డు దాటకుండా బడికి నడిచి వెళ్తారు. మంచి ఆలోచనే. ఇక్కడ పొరుగంటే దూరం కొలత, ఎవరి బడి ఎవరికి దగ్గర అన్న లెక్క. మన ఊళ్ళలో పొరుగును కొలిచేది దూరం కాదు, కులం. ఆ కొలతను తీసేసే పని ప్లాను కాగితం ఒక్కటే చేయలేదు.

1945లో టాటా లోకోమోటివ్ అండ్ ఇంజనీరింగ్ కంపెనీ ఏర్పడింది. ఆ పేరు పొట్టిగా టెల్కో. మొదట రైలింజన్లు చేశారు, 1954 నుంచి డైమ్లర్ బెంజ్ ఒప్పందంతో లారీలు. 2003లో కంపెనీ పేరు టాటా మోటార్స్ అయింది. పేరు మారినా కాలనీ మాత్రం టెల్కో కాలనీయే. ఊరి తూర్పు వైపు ఉంటుంది.

మా నడకను నేను మూడు చోట్ల ఆపాను.

మొదటిది ఒక బంగళా. ముందు తోట, పెద్ద వరండా, లోపల ఎత్తైన గదులు. మామూలు హెరిటేజ్ వాక్ ఇక్కడే అరగంట నిలబడుతుంది. మేం గేటు ముందు రెండు నిమిషాలు ఆగి వెనక్కి నడిచాం. వెనక ఔట్‌హౌస్ ఉంది. ఒక గది, పక్కన చిన్న వంట చోటు. ఇలాంటి ఔట్‌హౌస్‌లలో ఉండేవాళ్ళు అద్దె కట్టరు, పని కడతారు. ఇంటి ఆడమనిషి బంగళాలో వంటకో గిన్నెలకో ఊడ్పులకో వెళ్తుంది. దానికి బదులు ఆ గది. ఆఫీసరుకు బదిలీ అయితే కొత్త ఆఫీసరు దయ. వాళ్ళ చిరునామా కూడా బంగళా నంబరే. మాతో నడిచిన ఒక తెలుగావిడ చిన్నతనంలో ఇలాంటి గదిలోనే పెరిగింది. ఆమె అక్కడ నిలబడి అన్న మాట: "ముందు గేటు కాడ నిలబడి ఈ ఇల్లు సూడ్డం నాకిదే మొదలు." ఆ ఉదయం మేం విన్న మాటల్లో చరిత్రకు దీనికంటే దగ్గరిది ఇంకొకటి లేదు.

రెండోది కార్మికుల క్వార్టర్ల వరస. రెండు గదులు, వంటిల్లు, చిన్న పెరడు. ముందు తలుపు వీధిలోకి, వెనక తలుపు సందులోకి. ఈ వెనక సందు ఒక్క టెల్కోది కాదు. వలస పాలన కాలంలో ప్లాను వేసి కట్టిన చాలా పట్టణాల్లో ఇది ఉంది. ఇంటి మురికి ముందు వీధిలోకి రాకూడదు, దాన్ని ఎత్తే మనిషి కూడా ముందు వీధిలోకి రాకూడదు. అందుకే ఆ సందు. పైపులు, సెప్టిక్ ట్యాంకులు వచ్చాక మలం ఎత్తే అవసరం పోయింది. సందు పోలేదు. చెత్త, మురుగుకాలువ, మూతలు తీసే పని ఆ దారిలోనే జరుగుతూ వచ్చాయి. ఊళ్ళో వాడను వేరుగా కట్టారు, పట్టణంలో దాన్ని సన్నగా సాగదీసి ప్రతి ఇంటి వెనకా పరిచారు. ఇంటి నక్షా చూసినప్పుడు గదులు లెక్కపెట్టడం అందరూ నేర్పిస్తారు. తలుపులు లెక్కపెట్టడం మనం నేర్చుకోవాలి. ఏ తలుపులోంచి ఎవరు రావాలో నక్షాలో రాసి ఉండదు, గీసి ఉంటుంది.

ఇక్కడొక న్యాయమైన అభ్యంతరం ఉంది. కంపెనీ క్వార్టర్ కులాన్ని చూసి ఇవ్వరు, గ్రేడును చూసి ఇస్తారు కదా? నిజం. దాన్ని చిన్నచేసి మాట్లాడటం నాకిష్టం లేదు. మా తాత శ్రీకాకుళం జిల్లాలో ఒక మాలపల్లె నుంచి రైలెక్కి ఆ ప్రాంతానికి పనికి వెళ్ళాడు. బెంగాల్ నాగపూర్ రైల్వే లైను పట్టుకుని ఉత్తరాంధ్ర నుంచి ఖరగ్‌పూర్‌కూ టాటాకూ పోయిన వేలమందిలో ఒకడు. మా నానమ్మ ఆ రోజుల గురించి ఎప్పుడూ ఒకే మాట చెప్తుంది: "ఈడ మనల్ని ఏ కులమని ఎవులూ అడగనేదే. ఏ డిపార్టుమెంటని అడిగినారు."

ఆ మాటలో సగం విముక్తి ఉంది. ఊళ్ళో ఇంటిపేరు, వాడ పేరు చెప్పగానే తెలిసిపోయే మనిషికి ఇక్కడ ఒక నంబరు వచ్చింది. బ్లాకు నంబరు, క్వార్టరు నంబరు. ఒకే కుళాయి లైను, ఒకే బడి. గోడకు అవతల ఒక బ్రాహ్మణ ఫిట్టర్, ఇవతల ఒక మాల ఖలాసీ. ఊళ్ళో ఏ ఉద్యమమూ ఒక్క రోజులో సాధించలేని దాన్ని తాళంచెవి ఒకటి సాధించింది.

మిగిలిన సగాన్ని కూడా మా నానమ్మే చెప్పింది. డిపార్టుమెంటు అడిగారు. డిపార్టుమెంటు ఎవరికి ఎలా వస్తుంది? 1928లో బొంబాయి మిల్లుల సమ్మె జరిగినప్పుడు బాబాసాహెబ్ ఈ ప్రశ్నే వేశారు. ఎక్కువ కూలి దొరికే నేత ఖాతాలోకి అస్పృశ్యులను రానిచ్చేవాళ్ళు కాదు. కారణం, దారం తెగితే నోటితో పీల్చి షటిల్‌లోకి ఎక్కించాలి, అంటరానివాడి ఎంగిలి తగిలిన దారాన్ని తోటి కార్మికుడు ముట్టడు. ఎర్రజెండా కింద నిలబడ్డ కార్మికుడు కూడా ముట్టడు. ఆ ఏడాదే జంషెడ్‌పూర్‌లోనూ పెద్ద సమ్మె జరిగింది. మానెక్ హోమీ పేరు, సుభాష్ చంద్రబోస్ పేరు అక్కడి కార్మిక చరిత్రలో వినిపిస్తాయి. కూలి గురించి, ఉద్యోగాల కోత గురించి ఆ చరిత్ర చాలా చెప్తుంది. ఏ ఖాతాలో ఏ కులం ఉందన్న ప్రశ్నకు అందులో చోటు చాలా తక్కువ. ఎనిమిదేళ్ళ తర్వాత 'కుల నిర్మూలన'లో బాబాసాహెబ్ వాదించింది ఇదే. కులం పనులను పంచి ఊరుకోదు, పనిచేసే మనుషులనే మెట్లు మెట్లుగా విడదీస్తుంది.

కాబట్టి లెక్క ఇలా నడుస్తుంది. కులం మనిషిని చదువు దగ్గర ఆపుతుంది. చదువు పనిని నిర్ణయిస్తుంది, పని గ్రేడును, గ్రేడు ఇంటిని. చివరి మెట్టు మీద నిలబడి చూస్తే కులం కనపడదు, చదరపు అడుగులే కనపడతాయి. పర్మనెంట్ కార్మికుడికి క్వార్టర్, కాంట్రాక్టు కార్మికుడికి బస్తీ. ఊడ్చే పనిని, మురుగు పనిని కాంట్రాక్టుకు ఇచ్చేసిన కాలంలో ఆ పని చేసే కులాలు క్వార్టర్ల జాబితాలోంచే జారిపోతాయి. ఇందులో ఎవరూ ఎవర్నీ కులం పేరుతో తిట్టనక్కర్లేదు.

మూడోసారి మేం ఆగింది కాలనీ అంచున, బిర్సానగర్ వైపు దారి మొదలయ్యే చోట. క్వార్టర్ సొంతం కాదు. ఉద్యోగం ఉన్నంత కాలమే ఉంటుంది, రిటైరయ్యాక తాళంచెవి తిరిగిచ్చేయాలి. సవర్ణ కుటుంబానికి ఊళ్ళో ఇల్లు, పొలం ఉంటాయి. లేదా ఇన్నేళ్ళ జీతంతో ఇంకో నగరంలో ఫ్లాటు కొనుక్కుంటారు. మన కుటుంబాలకు తిరిగి వెళ్ళడమంటే మళ్ళీ ఆ పల్లెకే, ఆ వాడకే. ముప్పై అయిదేళ్ళు నంబరుగా బతికిన మనిషి మళ్ళీ కులంగా బతకాలి. అందుకే చాలామంది వెళ్ళరు. బిర్సానగర్‌లోనో గోవింద్‌పూర్‌లోనో చిన్న జాగా చూసుకుని నాలుగు గోడలు లేపుకుంటారు. మా ఇల్లూ అలా లేచిందే. జంషెడ్‌పూర్‌లో "86 బస్తీలు" అన్న మాట ప్రతి ఎన్నికలోనూ వినిపిస్తుంది. లీజు భూమిలో పెరిగిన బస్తీలు అవి. అక్కడి జనం దశాబ్దాలుగా అడుగుతున్నది ఒక్కటే, మాలికానా హక్కు. నగరాన్ని కట్టినవాళ్ళు, ఊడ్చినవాళ్ళు తమ ఇంటి కాగితం కోసం ఇంకా దరఖాస్తు పెట్టుకుంటూనే ఉన్నారు.

ఈ దరఖాస్తు ఎవరికి పెట్టుకోవాలి? జంషెడ్‌పూర్‌కు ఎన్నికైన మునిసిపల్ కార్పొరేషన్ లేదు. నోటిఫైడ్ ఏరియా కమిటీ ఉంది, కాలనీల్లో సేవలు కంపెనీ చూస్తుంది. రోడ్లు బాగుంటాయి, నీళ్ళు బాగుంటాయి, అందుకే మాకు మునిసిపాలిటీ ఎందుకు అని అక్కడ చాలామంది నాతో అన్నారు. రాజ్యాంగంలో 243టి అధికరణం మునిసిపాలిటీల్లో ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు సీట్లు రిజర్వ్ చేసింది. 243క్యూ అధికరణం పారిశ్రామిక టౌన్‌షిప్‌ల విషయంలో మునిసిపాలిటీ లేకుండానే నడిపే వీలు ఇచ్చింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవండి. మునిసిపాలిటీ లేనిచోట కౌన్సిలర్ ఉండరు, కౌన్సిలర్ లేనిచోట రిజర్వుడు వార్డు ఉండదు. మురుగుకాలువలు ఊడ్చే కులం నుంచి ఒక మనిషి ఆ కాలువల బడ్జెట్ మీద ఓటు వేసే అవకాశమే అక్కడ లేదు. నీళ్ళు బాగా వస్తున్నాయన్నది దీనికి జవాబు కాదు.

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే నేను నా వైపు కథే చెప్పినట్టవుతుంది. క్వార్టర్ల కంటే ముందు అక్కడ ఊళ్ళున్నాయి. సువర్ణరేఖ, ఖర్కాయి నదుల మధ్య హో, సంతాల్, ముండా, భూమిజ్ ప్రజల నేల అది. టెల్కో పక్కన జోజోబేడా అనే చోటు ఉంది. ముండారీ, హో భాషల్లో జోజో అంటే చింత. ఆ పేరు పలికేవాళ్ళలో ఎక్కువమందికి అందులో ఒక చెట్టు ఉందని తెలియదు. మన తాతలు కులం నుంచి తప్పించుకుని వచ్చి నిలబడిన నేల ఇంకొకరు పోగొట్టుకున్న నేల. దళిత చరిత్ర రాసేటప్పుడు ఈ వాక్యం రాయకుండా దాటేస్తే గైడ్ నవాబు పేరు ఒక్కటే చెప్పి ఊరుకున్నదానికీ మనకూ తేడా ఉండదు.

ఇళ్ళను ఎలా చూడాలో నేను నేర్చుకున్నది ఆర్కిటెక్చర్ పుస్తకాల్లో కాదు, ఒక ప్రయాణంలోంచి. 1943 డిసెంబరులో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడిగా ఉన్న బాబాసాహెబ్ బొగ్గు గనుల ప్రాంతానికి వెళ్ళారు. అది నేటి జార్ఖండ్‌లోదే, జంషెడ్‌పూర్‌కు మరీ దూరం కాదు. గనిలోకి దిగారు. పైకొచ్చి కార్మికులు ఉండే ధౌరాలు చూశారు. ఒంటి గది వరసలు అవి. ఆ తర్వాతి నెల, 1944 జనవరిలో, బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధి ఆర్డినెన్స్ వచ్చింది. తవ్విన బొగ్గు మీద సెస్సు, ఆ డబ్బుతో ఇళ్ళు, నీళ్ళు, వైద్యం. గమనించండి, ఆయన ఆ ఇళ్ళను చూసి జాలిపడి యజమానులను దయ చూపమని అడగలేదు. ఇంటిని చట్టంలోకి తెచ్చారు. జంషెడ్‌పూర్ గురించి మనం వినే కథ దానానిది, దూరదృష్టి గల యజమాని ఇచ్చిన నగరం అని. ధౌరాలు చూసిన మనిషి కథ హక్కుది. ఇచ్చినవాడు తిరిగి తీసుకోగలడు. హక్కును అలా తీసుకోలేడు.

మనం ఏ ఇళ్ళను కాపాడుకుంటున్నామో కూడా చూడండి. లండన్‌లో బాబాసాహెబ్ చదువుకునే రోజుల్లో ఉన్న కింగ్ హెన్రీస్ రోడ్డు ఇంటిని మహారాష్ట్ర ప్రభుత్వం 2015లో కొన్నది. ఢిల్లీ అలీపూర్ రోడ్డులో ఆయన కన్నుమూసిన చోట 2018లో స్మారకం తెరిచారు. దాదర్‌లోని రాజగృహను చూడటానికి ప్రతి డిసెంబరు 6కూ జనం వరస కడతారు. 2020 జులైలో ఆ ఇంటి మీద దాడి జరిగినప్పుడు దేశమంతా మన గుండెలు కొట్టుకున్నాయి. వీటన్నిటికంటే నాకు దగ్గరగా అనిపించేది పరేల్ బీఐటీ చాల్. కార్మికుల చాల్‌లో చిన్న గదులు. రమాబాయితో, పిల్లలతో అక్కడ ఉంటూనే మహాడ్ పోరాటం నడిపారు. మన వారసత్వం తోటలున్న బంగళాల్లో మొదలు కాలేదు, ఇలాంటి గదుల్లోనే మొదలైంది. అలాంటి గదుల లెక్క ఎవరు రాస్తారు? క్వార్టర్లు పాతబడుతున్నాయి. ఒక బ్లాకు ఖాళీ అయి కూలిందంటే అందులో బతికిన మనుషుల కథను నిలబెట్టడానికి ఒక్క గోడ కూడా మిగలదు.

అందుకే మీకు చెప్తానన్న పని ఇది. మీలో చాలామంది ఇలాంటి కాలనీల నుంచే వచ్చారు. కొత్తగూడెం, గోదావరిఖని సింగరేణి క్వార్టర్లు, విశాఖ ఉక్కునగరం, ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ, భిలాయి, రూర్కెలా. సెలవులకు వెళ్ళినప్పుడు ఒక్క ఉదయం నడవండి. ముందు గేటు నుంచి కాదు, వెనక సందు నుంచి మొదలుపెట్టండి. ప్రతి ఇంటి ముందూ నాలుగు ప్రశ్నలు వేయండి. దీన్ని ఎవరు కట్టారు? ఎవరు ఊడ్చారు? ఇది ఎవరికి రాలేదు? తాళంచెవి ఇచ్చేశాక వాళ్ళు ఎక్కడికి పోయారు? జవాబులు ఆర్కైవ్‌లో దొరకవు. మన అమ్మమ్మలు, నానమ్మలు, రిటైరైన బాబాయిలు చెప్తారు. వాళ్ళ మాటను వాళ్ళ యాసలోనే రాసుకోండి, సరిదిద్దకండి. వాళ్ళు ఉండగానే రాసుకోండి.

పరిశోధన పేరుతో మనం హైదరాబాద్ వచ్చాక అద్దె గది కోసం తిరుగుతుంటే "మీరేవట్లు?" అని అడుగుతారు. కొందరు మర్యాదగా "నాన్‌వెజ్ తింటారా?" అంటారు. నన్నూ అడిగారు, మిమ్మల్నీ అడిగే ఉంటారు. ఢిల్లీ చుట్టుపక్కల అద్దె ఇళ్ళ మీద సుఖదేవ్ థోరట్, ఆయన సహచరులు చేసిన అధ్యయనం 2015లో ఈపీడబ్ల్యూలో వచ్చింది. పేరు దళితుడిదో ముస్లిందో అయితే ఇల్లు దొరకడం ఎంత కష్టమో అది చూపించింది. అంటే ఇల్లు అనే ప్రశ్న మన తాతల దగ్గర ఆగిపోలేదు, మన చేతిలోని ఫోన్ దాకా వచ్చింది. పాత ఇళ్ళను చూడటం మనకు కాలక్షేపం కాదనడానికి ఈ ఒక్క కారణం చాలు. ఏ తలుపు ఎవరికి మూశారో తెలిసినప్పుడే ఏ తలుపును చట్టంతో తెరవాలో తెలుస్తుంది.

ప్రశ్నలుంటే అడగండి. మీ కాలనీల కథలుంటే ముందు అవి చెప్పండి.

జై భీమ్.